4కే టీవీ కొనేముందు ఒకసారి వీధిలోకి వచ్చి పైకి చూడండి

‘ఇంటర్నెట్ ద్వారా 4కేలో క్రికెట్ ప్రత్యక్ష ప్రసారం చూడాలని ఉంది. 55 అంగుళాల టీవీ కొనాలా, 65 కొనాలా?’ అని అడిగారు. 4కే అంటే మామూలు ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలున్న బొమ్మ. అంగుళాల సంగతి దుకాణంవాడు ఎలాగూ చెబుతాడు. నేను తీగ సంగతి చెబుతాను.

మాది ఒంగోలు. కర్నూలు రోడ్డుకు ఆనుకొని ఉన్న ఒక వీధి. 2023లో ఐపీఎల్‌ను జియో సినిమా 4కేలో ఉచితంగా ఇస్తోందని తెలిసి, పాత టీవీ నిక్షేపంలా ఉన్నా, ఆ ఏప్రిల్‌లో 55 అంగుళాలది కొన్నాను. ‘పాతదాంట్లో బంతి కనబడటం లేదా?’ అని మా ఆవిడ అడిగింది. దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

ఆ ఏడాది గుజరాత్, చెన్నైల మధ్య ఫైనల్ మే 28న జరగాల్సింది. అహ్మదాబాద్‌లో వాన వల్ల 29కి మారింది. ఇక్కడ రోహిణి కార్తె. రాత్రి తొమ్మిదైనా గోడలు పొయ్యి మీది పెనంలా ఉన్నాయి. పొదిలి నుంచి అక్క, బావ, పిల్లలు వచ్చారు. గుజరాత్ బ్యాటింగ్ అంతా హాయిగా చూశాం. సాయి సుదర్శన్ 47 బంతుల్లో 96 కొట్టాడు. గిల్‌ను ధోనీ రెప్పపాటులో స్టంపౌట్ చేశాడు. ఆ క్షణంలో మాత్రం ధోనీ చేతులు రబ్బరులా సాగినట్టు కనిపించాయి. అది ప్రసారం తప్పు కాదు, టీవీ తప్పు. కదలికను నున్నగా చేస్తానంటూ లేని బొమ్మల్ని మధ్యమధ్యలో కల్పించి అతికించే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. కొనగానే దాన్ని ఆపేయండి. ప్రసారంలో సెకనుకు 50 బొమ్మలు ఉండటమే క్రికెట్‌కు ముఖ్యం. గంటకు 140 కిలోమీటర్ల బంతి, సెకనుకు 25 బొమ్మలే వస్తే, ఒక బొమ్మకూ తర్వాతి దానికీ మధ్య మీటరున్నర దాటిపోతుంది. ఆ మీటరున్నరలోనే కదా స్వింగ్ ఉండేది. పెట్టె మీద ఈ సంఖ్యను పెద్ద అక్షరాల్లో ఎవరూ వేయరు.

విరామంలో మామిడిపండ్లు కోస్తుండగా వీధిలో ఫెళ్లుమని చప్పుడైంది. జామాయిల్ కర్ర వేసుకున్న లారీ. మా వీధిలోకి ఎందుకు వచ్చిందో ఆ డ్రైవరుకే తెలియాలి. పైన పేర్చిన కర్రల కొస తగిలి, స్తంభం నుంచి మా ఇంటికి వచ్చే ఫైబర్ తీగ తెగి చూరుకు వేలాడింది. మోడెం మీద ఎర్రలైటు మొదలైంది. బావ ఫోనులో చూస్తే మూడు బంతులు, నాలుగు పరుగులు, మళ్లీ వాన. జీవితంలో మొదటిసారి వానదేవుడు నా పక్షాన ఉన్నాడనిపించింది.

కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. నెలాఖరున డబ్బుల కోసం మాత్రం వాళ్లే చేస్తారు. చివరికి లైన్లు చూసే కుర్రాడి సొంత నంబరు ఎదురింటివాళ్ల దగ్గర దొరికింది. పదకొండున్నరకు బైకు మీద వచ్చాడు. తెగిన ముక్క పనికిరాదని, కొత్త ముక్క వేసి రెండు చోట్ల అతకాలన్నాడు. బైకు సీటు మీద స్ప్లైసింగ్ మిషను పెట్టి, ‘అన్నా, ఎవరైనా లైటు పట్టండి’ అన్నాడు. ఛార్జింగ్ ఉన్న ఫోను బావది ఒక్కటే.

ఆ పని మీరు ఎప్పుడైనా చూశారా? పైతొడుగు ఒలిచి, లోపలి పూత గీకి, స్పిరిట్ అద్దిన కాగితంతో తుడిస్తే మిగిలే గాజుపోగు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. దాని కొసను చిన్న కత్తెరపెట్టెలో పెట్టి టక్కున నిలువుగా కోశాడు. రెండు కొసలనూ మిషనులో ఎదురెదురుగా పెట్టి మూత వేస్తే, అరచేతి తెర మీద ఆ వెంట్రుకలు రెండూ తాటిమొద్దుల్లా కనిపించాయి. అంచున దుమ్ము రేణువు కూడా తెలిసింది. మిషను వాటిని తనంతట తానే జరిపి, వరుసలోకి తెచ్చి, చిన్న మెరుపుతో కరిగించి కలిపేసింది. ఆ రాత్రి నేను చూసిన వాటిలో అన్నిటికన్నా స్పష్టమైన బొమ్మ అదే.

మొదటి అతుకు బాగానే పడింది. రెండోది మొదలుపెట్టేసరికి 12.10. మ్యాచ్ మళ్లీ మొదలైంది. చెన్నైకి 15 ఓవర్లలో 171 లక్ష్యం. బావ ఫోను వెనక లైటు తీగ మీదికి, ముందు తెర తన ముఖం వైపు. కాన్వే బౌండరీ కొట్టినప్పుడల్లా వెలుగు తీగ మీద నుంచి కాలవలోకి, అక్కడి నుంచి వేపచెట్టు మీదికి పోయేది. ‘అన్నా, లైటు కదపకండి’ అని కుర్రాడు మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి గాజుపోగు పుటుక్కున విరిగింది. మళ్లీ ఒలవడం, గీకడం, తుడవడం. ‘బావా, మీరు స్కోరు చెప్పకపోయినా ఫరవాలేదు, చెయ్యి మాత్రం కదపకండి’ అన్నాను. పొదిలి పెద్దమనిషికి కోపం వచ్చింది, కానీ చెయ్యి నిలిచింది. ఈసారి అతుకు దగ్గర వెలుగు నష్టం 0.02 డెసిబెల్ మాత్రమేనని మిషను చూపించింది. కుర్రాడు అతుకును సన్నని గొట్టంలోకి జరిపి, మిషనులోనే ఉన్న బుల్లి పొయ్యిలో వేడి పెట్టాడు.

లోపలికి వచ్చేసరికి ఎనిమిది ఓవర్లు అయిపోయాయి. మొదట బొమ్మ అలుక్కుపోయినట్టు వచ్చింది. అర నిమిషంలో తేరుకుని గడ్డి పరకలు విడివిడిగా కనిపించాయి. 4కే అలా నిలవాలంటే సెకనుకు 25 మెగాబిట్లు తగ్గకుండా రావాలి. అంటే గంటకు 11 జీబీ పైమాటే. ఒక టెస్టు మ్యాచ్‌ను ఐదు రోజులూ చూస్తే 300 జీబీ దాటుతుంది. మీ ప్లాన్‌లో నెలకు ఎంతో ముందు లెక్క చూసుకోండి. వైఫైని నమ్ముకోకుండా మోడెం నుంచి టీవీకి నేరుగా వైరు లాగండి. గోడకు రంధ్రం పెడితే ఇల్లు పాడవుతుందని ఇంట్లో గొడవ అవుతుంది. కానివ్వండి.

ఇంకో బాధ ఉంది. నెట్‌లో వచ్చే ప్రసారం ముక్కలు ముక్కలుగా వస్తుంది. కొన్ని పోగయ్యాకే టీవీ చూపిస్తుంది. ఒక్కో పరికరానికి ఒక్కో ఆలస్యం. మా టీవీ కంటే బావ ఫోను ముందుంది. అంబటి రాయుడికి అది చివరి ఐపీఎల్ మ్యాచ్. మన గుంటూరు రాయుడు, గుజరాత్ బౌలర్ మోహిత్ శర్మ వేసిన ఓవర్లో సిక్స్, ఫోర్ కొట్టి మళ్లీ సిక్స్ కొడుతుంటే, సోఫాలో బావ ‘అయ్యో, ఔట్’ అన్నారు. వెంటనే ‘ధోనీ కూడానా!’ అన్నారు. అక్క ఆ ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో పడేసింది.

చివరి రెండు బంతులకు పది కావాలి. లైన్ల కుర్రాడు గుమ్మంలో నిలబడి మజ్జిగ తాగుతున్నాడు. జడేజా సిక్స్ కొట్టాడు. ఇంకా నాలుగు. మోహిత్ పరుగు మొదలుపెట్టాడు. ఎందుకో గుమ్మం వైపు చూశాను. కుర్రాడి రెండో చేతిలో ఫోను, ముఖమంతా నవ్వు. జడేజా ఫోర్‌ను నేను అలా చూశాను.

మీరు అడిగినదానికి వస్తే, సోఫాకూ టీవీకీ మధ్య ఏడెనిమిది అడుగులు దాటితే 55 అంగుళాల మీద 4కేకీ మామూలు ఫుల్ హెచ్‌డీకీ తేడా కంటికి తెలియదు. మాకు పదడుగులు. మీకూ ఏడెనిమిది దాటితే 65 తీసుకోండి, లేదా సోఫా ముందుకు జరపండి.

తీగను ఇంకాస్త ఎత్తున కట్టమని కేబుల్ ఆఫీసులో నాలుగుసార్లు చెప్పాను. రాసుకున్నారు. అది ఇప్పటికీ అదే ఎత్తులో ఉంది. రాత్రిపూట వీధిలోకి లారీ మలుపు తిరిగిన చప్పుడైతే నేను లేచి గేటు దాకా వెళ్లి వస్తున్నాను.