మావారి గురకకు విమానమంతా లేచి కూర్చుంది

ప్రశ్న: నా వయసు 58. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాం. మావారు ఉక్కు కర్మాగారంలో, రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. అమ్మాయి పురిటికి అమెరికా వెళ్లినప్పుడు గల్ఫ్‌లో మారి రెండంతస్తుల పెద్ద విమానం ఎక్కాం. భోజనాలయ్యి దీపాలు ఆర్పగానే మావారి గురక మొదలైంది. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, ఆ తర్వాత ఎయిర్ హోస్టెస్‌ను పిలిచి చెప్పారు. పక్క వరుసలో ఒక కుర్రాడు నవ్వుతూ ఫోనులో వీడియో తీశాడు. నేను కంటి మీద కునుకు లేకుండా ఆయన్ని మోచేత్తో పొడుస్తూ కూర్చున్నాను. తమాషా ఏమిటంటే, అదే విమానంలో ఒక పసిబిడ్డ ఏడుస్తుంటే అందరికీ వినబడేలా విసుక్కున్నది కూడా మావారే. ఇంట్లోనూ గురక అంతే. మధ్యమధ్య ఊపిరి ఆగినట్టయి, ఒక్కసారిగా ఎగబీల్చి మళ్లీ మొదలుపెడతారు. బీపీకి మాత్ర వేసుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళదామంటే ‘మా నాన్నా గురక పెట్టేవాడు, ఎనభై ఏళ్లు బతికాడు’ అంటారు. ఇప్పుడు మనవడి పుట్టినరోజుకు రమ్మంటూ అమ్మాయి ఫోను చేసి, ‘ఈసారి నువ్వొక్కదానివే రా అమ్మా, నాన్నతో వస్తే నీకు నిద్ర ఉండదు’ అంది. స్పీకరులో ఆయన విన్నారు. అప్పటినుంచి ఎక్కడికీ రానని భీష్మించుకున్నారు. ఆయన్ని వదిలి వెళ్లలేను. తీసుకువెళ్లి మళ్లీ ఆ అవమానం పడలేను. ఏం చేయను?
— ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్తరమంతా అవమానం గురించే ఉంది. ఊపిరి ఆగడం గురించి మాత్రం ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ముందు దాని సంగతి చూద్దాం, విమానం తర్వాత.

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. గాలి వెళ్లే దారి ఇరుకై, అంగిలి వెనుక మెత్తని భాగమూ కొండనాలుకా అదురుతాయి. అదే గురక. చాలామందిలో అది అంతటితో సరి, ఇబ్బంది పక్కవారికే. కొందరిలో ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. గాలి ఆడక రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని అరకొరగా లేపుతుంది. మీరు రాసిన ఎగబీల్పు సరిగ్గా ఆ క్షణంలో వచ్చేదే కావచ్చు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. పది సెకన్లు, అంతకు మించి శ్వాస ఆగితే ఒకసారి ఆగినట్టు లెక్కిస్తారు. గంటకు ఐదు దాటితే సమస్య ఉన్నట్టు, ముప్పై దాటితే తీవ్రమైనట్టు. దీనికీ బీపీకీ దగ్గరి చుట్టరికం ఉంది. మీవారు పగలు పేపరు చేతిలో పెట్టుకుని, టీవీ ముందు కూర్చుని తూగుతున్నారా? తెల్లవారి లేవగానే తలనొప్పి అంటున్నారా? అవి కూడా డాక్టరుకు చెప్పవలసినవే.

రోగం ఉందని నేను ఇక్కడ కూర్చుని తేల్చడం లేదు. అది నిద్ర పరీక్ష తేల్చాలి. ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి చేస్తారు. కొందరికి చిన్న పరికరం ఇచ్చి ఇంట్లోనే చేయిస్తారు. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరో, ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరో మొదలుపెట్టండి. మీ ఊరిలో కేజీహెచ్ (ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, ప్రైవేటులోనూ నిద్ర పరీక్షలు చేసేవారు ఉన్నారు. ఈఎన్‌టీ దగ్గరికి వెళితే చెవులు కూడా చూపించండి. ఏళ్ల తరబడి మిల్లు చప్పుడులో పనిచేసిన వారికి వినికిడి తగ్గడం మామూలే. పసిబిడ్డ మీద ఆయన ‘అందరికీ వినబడేలా’ విసుక్కున్నారన్నారు. తన గొంతు ఎంత పెద్దగా ఉందో ఆయనకే తెలియకపోవచ్చు.

ఇక విమానం. మీవారు ఆ రాత్రి ఇంట్లోకంటే పెద్దగా గురక పెట్టారని మీకు అనిపించి ఉంటుంది. అందులో కొంత నిజం, కొంత ఆ విమానం చేసిన పని. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్లినప్పుడు గమనించే ఉంటారు. బండి పరుగెత్తినంతసేపూ చక్రాల మోతలో అందరూ బుద్ధిమంతుల్లా నిద్రపోతున్నట్టే ఉంటుంది. నడిరాత్రి కాజీపేటలో ఆగిందంటే, ఏ బెర్తులో ఎవరు ఏ రాగం తీస్తున్నారో తెలిసిపోతుంది. కొత్త తరం విమానాల్లో జరిగేదీ ఇదే. మీరు చెప్పిన రెండంతస్తుల విమానం ఎయిర్‌బస్ కంపెనీ ఎ380 అయి ఉంటుంది. 2007లో సర్వీసులోకి వచ్చిన ఆ విమానం లోపల ఎంత నిశ్శబ్దమంటే, 2008లో ఒక సంస్థ పైలట్లు తమ విశ్రాంతి గదుల్లో పడుకోలేకపోతున్నామని ఫిర్యాదు చేశారు. పసిపిల్లల ఏడుపులు, ప్రయాణికుల గురకలు, మరుగుదొడ్ల ఫ్లష్ చప్పుడు, అన్నీ వినబడుతున్నాయట! పాత విమానాల్లో ఇంజిన్ హోరు కప్పిపెట్టినవన్నీ ఇప్పుడు బయటపడ్డాయి. మీవారొక్కరే అందరి నిద్రా చెడగొట్టారన్న భారం కొంచెం దింపుకోండి.

నిజం ఉన్న భాగం సంగతి. విమానంలో గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. అరకు లోయ ఎత్తు దాదాపు మూడు వేల అడుగులు, దానికి రెట్టింపు పైమాటే. ఆక్సిజన్ అంత తక్కువన్నమాట, ఆప్నియా ఉన్నవారికి ఇది మంచిది కాదు. పైగా గాలిలో తేమ ఇరవై శాతం లోపే. ఉక్కపోతలో బతికే విశాఖ ముక్కుకు అది ఎడారి. ముక్కు ఎండిపోయి, బిగుసుకుపోయి, నోటితో పీల్చడం మొదలవుతుంది. కూర్చుని నిద్రపోతే తల వెనక్కి వాలి నోరు తెరుచుకుంటుంది. అందుకే మెడ దిండును వెనక కాకుండా ముందుకు తిప్పి, గడ్డం కింద ఆనేలా పెట్టండి. ఎక్కే ముందూ మధ్యలోనూ ముక్కులో ఉప్పునీటి స్ప్రే కొట్టుకోమనండి. విమానంలో ఉచితంగా ఇస్తారు కదా అని మందు పుచ్చుకోవడం, ‘హాయిగా నిద్రపడుతుంది’ అని ఎవరో ఇచ్చిన నిద్రమాత్ర మింగడం, ఈ రెండూ వద్దేవద్దు. రెండూ గొంతును ఇంకా వదులు చేస్తాయి. జలుబుకు వేసుకునే మత్తు మాత్రలు కూడా డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

సీట్ల విషయంలో అందరూ ముందు వరుసలు, ప్రశాంతమైన చోటు అడుగుతారు. మీరు తిరగేసి అడగండి. రెక్కల వెనక, తోక వైపు ఇంజిన్ మోత ఎక్కువ. మీకు కావలసింది ఆ మోతే. మూడు సీట్ల వరుసలో కిటికీ పక్కన ఆయన, మధ్యలో మీరు. ఆయన కిటికీ వైపు ఒత్తిగిలి పడుకోవచ్చు, వెల్లకిలా వాలడం తగ్గుతుంది. మూడో సీటు వారు వచ్చి కూర్చోగానే నవ్వుతూ ఒక్క మాట చెప్పండి: ‘మావారికి గురక వస్తుంది, ఇబ్బందైతే నన్ను తట్టండి, ఆయన్ని పక్కకు తిప్పుతాను.’ ముందే చెప్పిన మాటకు ఉన్న మర్యాద, తర్వాత వందసార్లు చెప్పిన క్షమాపణకు ఉండదు. రెండు మూడు జతల చెవి ప్లగ్గులు అదనంగా కొనుక్కుని, కావాలన్నవారికి ఇవ్వండి. మందుల షాపులో దొరికేవే.

మీకూ ఒక జత ఉంచుకోండి. ఇది సలహా కాదు, ఆజ్ఞ అనుకోండి. ఆ నురుగు ప్లగ్గును వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. పైపైన దూర్చి ‘ఇది పనిచేయదు’ అనేవారే ఎక్కువ. మీవారు మిల్లులో పనిచేసినవారు, ఈ విద్య ఆయనే మీకు నేర్పగలరు. అడగండి, ఆయనకూ బాగుంటుంది. విమానం దిగడం మొదలుపెట్టగానే తీసేయాలి, లేకపోతే చెవుల్లో ఒత్తిడి పట్టేస్తుంది.

అల్లుడు ఖరీదైన నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు పంపుతానంటే వద్దనకండి, కానీ అవి గురకను మాయం చేస్తాయని ఆశపడకండి. 1978లో జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళుతున్న విమానంలో, బోస్ స్పీకర్ల కంపెనీ పెట్టిన అమర్ బోస్‌కు తట్టిన ఆలోచన అది. ఆయన తండ్రి కలకత్తా నుంచి వెళ్లిన బెంగాలీ. విమానపు హోరు అణచడానికే ఆ ఆలోచన పుట్టింది. ఒకే తీరున సాగే ఇంజిన్ హోరును ఆ పరికరం బాగా అణుస్తుంది. ఎగుడుదిగుడుగా వచ్చే గురకనూ మాటలనూ అంత బాగా అణచలేదు. ఒక్కోసారి హోరు పోయి గురక ఇంకా స్పష్టంగా వినబడుతుంది. లోపల ప్లగ్గులు, పైన హెడ్‌ఫోన్లలో సన్నగా వాన చప్పుడో అలల చప్పుడో పెట్టుకుంటే ఫలితం ఉంటుంది.

ముందు సీటాయన మీద మీకు కోపం ఉన్నట్టుంది. నాకు లేదు. ఆయన మీవారిని కసరలేదు, సిబ్బందికి చెప్పారు, చేయవలసింది అదే. వీడియో తీసిన కుర్రాడిది మాత్రం వేరే సంగతి. గురక, దగ్గు, పసిబిడ్డ ఏడుపు మనిషి చేతిలో లేనివి. వాటిని భరించాలి, లేదా చెవులు మూసుకోవాలి. చెవిలో ఏమీ పెట్టుకోకుండా ఫోనులో రీల్స్ చూడటం, నాలుగు వరుసల అవతలివారితో కేకలేసి కబుర్లు చెప్పడం, నిద్రపోయే మనిషిని వీడియో తీయడం, ఇవి చేతిలో ఉన్నవి. వీటి దగ్గర మొహమాటపడనక్కరలేదు. అలాంటిది మళ్లీ జరిగితే సిబ్బందిని పిలిచి, ఆ వీడియో తుడిపించమని అడగండి. విమానం దిగేటప్పుడు పసిబిడ్డ ఏడిస్తే చాలాసార్లు అది చెవి నొప్పే. మన చెవులకు పట్టే ఒత్తిడే వాళ్లకూ పడుతుంది, చెప్పుకోలేరు. ఈ ముక్క మీవారికి చెప్పండి. తాతగారు కదా, అర్థం చేసుకుంటారు.

ఇప్పుడు అసలు చిక్కు, అలక. అమ్మాయి మీ నిద్ర గురించి బాధపడింది, ఆయన తనను వద్దన్నట్టు విన్నారు. మీరు మధ్యలో ఉండి ఇటుదటూ అటుదిటూ చెప్పవద్దు. అమ్మాయినే నాన్నకు ఫోను చేయమనండి. మీరు పక్కన లేనప్పుడు, స్పీకరు లేకుండా. ‘నువ్వు రావాలి నాన్నా, వచ్చే ముందు పరీక్ష చేయించుకో’ అని తనే అడగాలి. కూతురు అడిగిన దానికీ భార్య పోరిన దానికీ మగవారు ఇచ్చే విలువ వేరు. న్యాయం కాదు, కానీ అదే పనిచేస్తుంటే వాడుకుందాం.

మీరు మాట్లాడేటప్పుడు విమానం, పరువు, ముందు సీటాయన, ఈ ప్రస్తావనలు ఒక్కటీ రానీయకండి. అవి వస్తే ఆయనకు ఆ రాత్రి గుర్తొచ్చి తలుపు వేసుకుంటారు. పొద్దున కాఫీ తర్వాతో, బీచ్ రోడ్డులో నడిచేటప్పుడో, ‘రాత్రి మీ ఊపిరి ఆగితే నాకు భయమేస్తోంది’ అనండి. ఇది నిజం, నింద కాదు. తండ్రి ఎనభై ఏళ్లు బతికిన సంగతి మళ్లీ తెస్తే, ‘మామగారి ఊపిరి ఆగేదో లేదో నాకు తెలియదు, మీది ఆగడం నేను రోజూ చూస్తున్నాను’ అనండి. డాక్టరుకు వినిపించడానికి ఒక రాత్రి ఫోనులో గురక రికార్డు చేయడం మంచిదే, కానీ ఆయనకు చెప్పి, ఒప్పుకున్నాకే చేయండి. చెప్పకుండా తీస్తే ఆ కుర్రాడికీ మీకూ తేడా ఏముంది?

పరీక్షలో ఆప్నియా అని తేలితే అందరికీ యంత్రమే రాయరు. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, దవడను ముందుకు నిలిపే పళ్ల అచ్చు, ఇలాంటివి కొందరికి సరిపోతాయి. ముక్కుకు మాస్కు పెట్టి గాలి పంపే సీప్యాప్ యంత్రం రాస్తే, అది విమానంలోకి చేతి సామానుతోపాటు తీసుకువెళ్లవచ్చు. విమానం గాలిలో ఉండగా వాడుకోవాలంటే విమాన సంస్థకు ముందుగా చెప్పి, కరెంటు సంగతి, బ్యాటరీ సంగతి కనుక్కోవాలి. డాక్టరు చీటీ దగ్గర ఉంచుకోవాలి. యంత్రంలో గాలికి తేమ పట్టించే తొట్టిలో నీళ్లు ఖాళీ చేసుకుని ఎక్కాలి. ఆ మాస్కుతో నిద్రపట్టడానికి చాలామందికి కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి టికెట్లు తీయమని అల్లుడికి చెప్పే ముందు డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోండి.