దెబ్బ తగిలిందని సాయంత్రం దాకా చెప్పలేదు

మా పాపకు పదకొండు నెలలు. ఉద్యోగం వల్ల డేకేర్‌లో వదులుతున్నాను. పోయిన వారం నుదుటి మీద బొప్పి, మొన్న చేతి మీద పంటిగాట్లు. అడిగితే ‘పిల్లలన్నాక తగులుతాయి మేడమ్, ఎప్పుడైందో చూళ్లేదు’ అంటున్నారు. మా అత్తగారేమో ‘చంటిదాన్ని పరాయి చేతుల్లో పెడితే ఇంతే’ అంటున్నారు. ఉద్యోగం మానేయాలా?
– ఓ తల్లి, హైదరాబాద్

నిలబడుతూ పడుతూ ఉండే వయసులో బొప్పి కట్టడం మామూలే. మాటలు రాని పిల్లలు నిద్రమత్తులోనో, బొమ్మ లాక్కుంటేనో పక్కవాళ్లను కొరకడమూ అంతే. నాకు తేడాగా కనిపించింది ‘చూళ్లేదు’ అన్న జవాబు. తలకు దెబ్బ ఏ వేళ తగిలిందో తెలియకపోతే, బిడ్డను ఎప్పటిదాకా కనిపెట్టుకుని ఉండాలో ఎవరికీ తెలియదు. మొదటి 24 గంటలు ముఖ్యం. పదేపదే వాంతులు, లేపినా లేవనంత మగత, ఎత్తుకున్నా ఆగని ఏడుపు, మాడు ఉబ్బడం, ఫిట్స్, ముక్కు చెవుల్లోంచి నీళ్లు కారడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. బొప్పిని రుద్దకూడదు. ఐసును గుడ్డలో చుట్టి పది నిమిషాలు ఆనిస్తే చాలు.

పంటిగాటుకు చర్మం తెగిందా లేదా చూడాలి. తెగకపోతే సబ్బుతో కడిగి తడిగుడ్డ వేస్తే సరిపోతుంది. తెగితే కుళాయి ధార కింద బాగా కడిగి, అదే రోజు టీకాల కార్డుతో డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పసుపు, కాఫీపొడి అద్దనివ్వకండి.

ఇక మాట్లాడటం. సాయంత్రం గేటు దగ్గర, నలుగురి ముందు వద్దు. ఇన్‌ఛార్జిని విడిగా కలవండి. ‘మీరేం చేస్తున్నారు?’ అంటే జీతం కోస్తారేమోనని ఆయమ్మ నోరు విప్పదు. ‘అప్పుడు పాప ఎక్కడుంది, దేన్ని పట్టుకుని లేచింది?’ అంటే చెబుతుంది. తల, ముఖం, రక్తం వచ్చిన గాయమైతే వెంటనే ఫోన్, గీరుకుపోతే సాయంత్రం చీటీ అని ఒప్పించుకోండి. చీటీలో టైము, చోటు, ఎలా తగిలింది, ఎవరు చూశారు, ఏం చేశారు అన్నవి ఉండాలి. కింద మీ సంతకం. కొరికిన బిడ్డ పేరు మాత్రం అడగొద్దు, వాళ్లు చెప్పకపోవడమే పద్ధతి. రేపు కొరికేది మీ పాపే కావచ్చు. మీ వంతుగా, ఇంట్లో తగిలిన దెబ్బలను పొద్దున దింపేటప్పుడే చూపించి రాయించండి.

చెవి, మెడ, పొట్ట మీద కమిలిన మచ్చలు, వేళ్ల గుర్తులు మామూలుగా పడితే వచ్చేవి కావు. అవి కనిపిస్తే పంపడం ఆపి డాక్టరుకు చూపించండి, 1098కి ఫోన్ చేయండి.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడది భయం. వీలైతే ఓ పూట ఆవిడనే పాపను తీసుకురమ్మనండి, చీటీలు ఆవిడకూ చూపించండి. మీ ఆఫీసులో 50 మంది, అంతకు మించి ఉంటే, చట్టం ప్రకారం క్రెష్ (పనివేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు) వసతి కల్పించాలి, రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసిరానివ్వాలి. హెచ్‌ఆర్‌ను అడగండి.

ఈ చీటీల ఏర్పాటుకు రెండు వారాలు గడువివ్వండి. మళ్లీ చీటీ లేకుండా దెబ్బ కనిపిస్తే డేకేర్ మార్చండి, ఉద్యోగం కాదు. కొత్తచోట చేర్చేముందు దెబ్బల రిజిస్టరు చూపించమనండి. ‘మా దగ్గర ఎవరికీ ఏమీ తగలదండీ’ అన్నారంటే అక్కడ చేర్చకండి.