మెడికల్ షాపు పెడితే గిట్టుబాటు అవుతుందా?

డీఫార్మసీ అయ్యాక సొంత షాపు పెట్టుకుంటే ఎలా ఉంటుంది, అసలు ఫార్మసిస్టుకు ఇంకా పనుందా అని అడిగారు. పల్నాడులో ఓ చిన్న టౌన్‌లో పదమూడేళ్లుగా షాపు నడుపుతున్నాను, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

డబ్బు సంగతి ముందు. ధరల నియంత్రణ ఉన్న మందుల సీలింగ్ ధరలో, అంటే ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ ధరలో, మనకు లెక్కగట్టే మార్జిన్ 16 శాతం. పక్క వీధిలో 20 శాతం తగ్గింపు అని బోర్డు. అద్దె, కరెంటు, కుర్రాడి జీతం మనవే. ఫోన్‌లో ఆర్డర్ పెట్టుకున్నవాళ్లు కూడా ఆ స్ట్రిప్పు పట్టుకుని నా దగ్గరికే వస్తారు, 'ఇది తిన్నాక వేసుకోవాలా, తినకముందా?' అని. చెప్పి పంపిస్తాను. దానికి బిల్లు ఉండదు కదా!

అంతకంటే కష్టం 'లేదు' అనడం. 'అన్నా, జ్వరం, రెండు పూటలకి కట్టివ్వు' అంటారు. సెఫిక్సిమ్ లాంటి కొన్ని యాంటీబయాటిక్‌లు షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి. 2014 మార్చి నుంచి వాటికి డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. చీటీ లేకుండా ఇవ్వను అంటే మనిషి ముఖం మాడ్చుకుని ఇంకో షాపుకి పోతాడు. అక్కడ ఇచ్చేస్తారు. మొదట్లో చాలా టెన్షన్ పడేవాణ్ణి.

అయినా పని లేదనకండి. పోయినేడాది ఒక పెద్దాయన లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని వచ్చారు. సంచిలో మందులన్నీ కౌంటర్ మీద పోయమన్నాను. ఇద్దరు డాక్టర్లు రాసిన రెండు బీపీ బిళ్ళలు, పేర్లు వేరు, లోపల రెండూ టెల్మిసార్టనే. ఆయన రోజూ రెండూ మింగుతున్నారు. డాక్టరుకి ఫోన్ కలిపిస్తే ఒకటి ఆపించారు. అప్పటినుంచి ఆ వీధిలో సగం మంది సంచులతోనే వస్తున్నారు, కౌంటర్ పక్కన స్టూలు వేయాల్సి వచ్చింది.

ఇంకొకటి. మీరు షాపు పెట్టేదాకా మీ ఫార్మసిస్టు సర్టిఫికెట్‌ని వాళ్ల షాపుకి అద్దెకివ్వమని ఎవరో ఒకరు అడుగుతారు, నెలకింత అంటారు. ఇవ్వకండి. మీరు లేనప్పుడు అక్కడ ఎవడో ఏదో అమ్మితే, ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు గోడ మీద కనిపించేది మీ పేరే.