తొలి రౌండులో ఓడినా అర్జున ఎందుకు?

ప్రశ్న: టోక్యో ఒలింపిక్స్ జూడోలో మన దేశం తరఫున ఒంటరిగా బరిలోకి దిగిన సుశీలా దేవి తొలి రౌండులోనే ఓడిపోయారు. మరుసటి ఏడాదే ఆమెకు అర్జున పురస్కారం ఎలా వచ్చింది? మా అమ్మాయి జూడో నేర్చుకుంటానంటుంటే, ‘ఆ ఆటలో పేరొస్తుందా?’ అని మా అత్తగారు అడుగుతున్నారు.
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: టీవీలో కనిపించిన ఆ కొద్ది నిమిషాలను బట్టి చూస్తే మీ సందేహం సహజమే. జూడో పోటీ నిడివి నాలుగు నిమిషాలే అయినా, ప్రత్యర్థి వీపు చాపకు ఆనేలా బలంగా, వేగంగా ఎత్తి పడేస్తే దక్కే ‘ఇప్పోన్’తో అది ఏ క్షణంలోనైనా ముగిసిపోతుంది. ఓడినవారిలో కాంస్యం కోసం మళ్లీ పోరాడే వీలు కనీసం క్వార్టర్ ఫైనల్ దాకా వచ్చినవారికే ఉంటుంది కాబట్టి, తొలి రౌండులో ఓడినవారు ఎంత దిట్టలైనా ఆ రోజుకు ఇంటిదారి పట్టవలసిందే. సుశీలకు 48 కిలోల విభాగంలో మొదటే ఎదురుపడిన హంగేరీ క్రీడాకారిణి ఎవా చెర్నోవిచ్కి 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఇదే విభాగంలో కాంస్యం గెలిచిన అనుభవజ్ఞురాలు.

అర్జునకు చూసేది ఒక్క పోటీని కాదు, అంతకుముందు నాలుగేళ్ల ఆటతీరును. మణిపుర్‌కు చెందిన సుశీల 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లోనే రజతం గెలిచారు. (మన కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి వెయిట్‌లిఫ్టింగ్‌లో పతకం తెచ్చినదీ ఆ క్రీడల్లోనే.) 2018లో తొడ కండరం గాయపడి ఆసియా క్రీడలకు దూరమైన సుశీల, మళ్లీ పోటీలకు వెళ్లే ఖర్చుల కోసం తన కారునే అమ్ముకున్నారు. అలా కూడదీసుకుని టోక్యో దాకా వెళ్లడమే కాక, 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మళ్లీ ఫైనల్ చేరారు. దక్షిణాఫ్రికాకు చెందిన మికేలా వైట్‌బూయితో జరిగిన ఆ పోరు నిర్ణీత సమయంలో తేలక అదనపు సమయానికి వెళ్లింది; అక్కడ ఓడి ఆమె రెండో రజతంతో తిరిగి వచ్చారు. నవంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా అర్జున అందుకున్నారు. ఆ ఏటి జాబితాలోనే మన తెలుగువారు నిఖత్ జరీన్, ఆకుల శ్రీజ కూడా ఉన్నారు.

ఒలింపిక్ పతకం వస్తేనే గుర్తింపు అనుకోవడం సరికాదని చెప్పే ఉదాహరణ మన ప్రాంతంలోనే ఉంది. ఆమదాలవలస ప్రాంతం నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరికి అర్జున, ఖేల్ రత్న, పద్మశ్రీ మూడూ 2000 నాటి సిడ్నీ కాంస్యానికి ముందే దక్కాయి. 1994, 1995లలో ఆమె ప్రపంచ విజేత కావడమే అందుకు కారణం.

ఇక మీ అత్తగారి ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, క్రికెట్‌లో వచ్చినంత పేరు జూడోలో రాదు. సుశీలకు మణిపుర్ పోలీసు శాఖలో ఉద్యోగం దొరికింది కానీ, వీధిలో నడిచి వెళితే గుర్తుపట్టేవారు ఆమె సొంత రాష్ట్రం వెలుపల ఎందరుంటారన్నది అనుమానమే. అమ్మాయిని చేర్పించే ముందు శిక్షణ గదిలో మందపాటి చాపలున్నాయో లేదో మీరే స్వయంగా చూసి రండి. మొదటి కొన్ని వారాలు దెబ్బ తగలకుండా పడడమే నేర్పుతారు, కనుక ఎత్తి పడేయడం ఇంకా నేర్పలేదేమని శిక్షకుణ్ణి తొందరపెట్టకండి.