రెండు డీజిల్ ట్యాంకులున్న పాత క్యాంపర్ వ్యాన్: ముందుగా పైపులు లెక్కపెట్టండి

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. 2014 నాటి టెంపో ట్రావెలర్‌ను క్యాంపర్ వ్యాన్‌గా (లోపలే పడుకుని, వండుకునే బండిగా) మార్పించిన ఒకరి దగ్గర కొన్నారు. ఇంధనం పోసే మూతలు రెండు: ఒకటి డ్రైవరు తలుపు వెనుక, ఇంకొకటి వెనుక చక్రం దాటాక. డాష్‌బోర్డు మీద పేరేమీ రాయని మూడు స్థానాల స్విచ్ ఒకటి ఉంది. మీటరు ముల్లు సగం దగ్గర నిలిచిపోయింది. అమ్మిన వ్యక్తి రెండింటిలోనూ డీజిలే పోయమన్నారు, ఆ తరువాత ఫోను ఎత్తడం లేదు. వచ్చే నెల విశాఖ మధురవాడ నుంచి పిల్లలతో అరకు వెళ్లాలి. రెండూ నింపుకుని బయలుదేరవచ్చా అని అడిగారు.

దయచేసి ఇప్పుడే నింపకండి. ఎందుకో నా అనుభవం చెబితే తెలుస్తుంది.

ఆరేళ్ల కిందట నేనూ ఇలాంటి బండే కొన్నాను. మొదటి ట్యాంకు బండితో వచ్చినది, రెండోది ఎవరో తరువాత బిగించినది. వారం రోజులు ఎంవీపీ కాలనీ చుట్టుపక్కల మొదటి ట్యాంకు మీదే తిప్పాను, ఏ ఇబ్బందీ రాలేదు. అరకు ప్రయాణం నాడు తెల్లవారుజామున బంకులో మొదటి ట్యాంకును మూతి దాకా నింపించాను. రెండోదానిలో 20 లీటర్లు పోయించి, ముందు దాన్ని వాడేద్దామని స్విచ్ అటు తిప్పాను. పెందుర్తి దాటి కొత్తవలస చేరేలోపే మోటారు సైకిల్ మీద ఒక అబ్బాయి పక్కకు వచ్చి, మా బండి కింద నుంచి డీజిల్ కారుతోందని, తన చక్రం జారబోయిందని చెప్పాడు. ఆపి చూస్తే మొదటి ట్యాంకుకు గాలి ఆడేందుకు ఉండే గొట్టం నుంచి ధార పడుతోంది. నిండా పోయించినందువల్ల పొంగిందనుకుని, గుడ్డతో తుడిచి ముందుకు సాగాను. అలా చేయకూడదు. ఆ అబ్బాయి పడిపోయి ఉంటే అన్న తలంపు ఇప్పటికీ నన్ను వదలదు.

శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాం. అనంతగిరి ఇంకా కొన్ని మలుపుల దూరంలో ఉందనగా ఇంజిన్ ఆగిపోయింది. బండిలో అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు. మీటరు చూస్తే నిండుగా ఉంది. చక్రాల వెనుక రాళ్లు పెట్టి, స్విచ్‌ను మొదటి ట్యాంకుకు తిప్పాను. అప్పటికే పైపుల్లో గాలి చేరింది. ఫిల్టరు మీది చేతి పంపును అరగంట నొక్కితే గాని ఇంజిన్ మళ్లీ అందుకోలేదు. లీటరుకు 9 కిలోమీటర్లు ఇచ్చే బండి 80 కిలోమీటర్లకే 20 లీటర్లు ఎలా ఖర్చు చేసిందో ఆ రోజు నాకు అంతుపట్టలేదు.

తిరిగి వచ్చాక ఆటోనగర్‌లో ఒక పెద్ద మెకానిక్‌కు చూపించాను. ఆయన బండి కింద పడుకుని ఐదు నిమిషాలు చూసి, "ట్యాంకులు రెండు, రిటర్న్ ఒకటే బాబూ" అన్నారు.

విషయమంతా ఆ మాటలోనే ఉంది. డీజిల్ ఇంజిన్ తనకు కావలసినంత మాత్రమే లాగదు. ఎక్కువగా లాగి, కాల్చగా మిగిలినదాన్ని రిటర్న్ అనే ఇంకో పైపు ద్వారా ట్యాంకుకు తిప్పి పంపుతుంది. పంపు, ఇంజెక్టర్లు వేడెక్కకుండా, అరగకుండా ఆ ప్రవాహం కాపాడుతుంది. నా బండిలో రెండో ట్యాంకు బిగించినవారు డీజిల్ తీసుకునే పైపుకు మాత్రమే దారి మార్చే వాల్వు పెట్టి, రిటర్న్‌ను మొదటి ట్యాంకుకే వదిలేశారు. అందుకే రెండోదాని నుంచి లాగిన డీజిల్‌లో మిగులంతా అప్పటికే నిండిన మొదటిదానిలోకి వెళ్లి రోడ్డు మీద పడింది, రెండోది సగం దూరానికే ఎండిపోయింది. మీటరు మొదటి ట్యాంకును చూపిస్తోంది కాబట్టి నాకు ఏమీ తెలియలేదు. ఏ ట్యాంకు నుంచి తీసుకుంటే ఆ ట్యాంకుకే తిరిగి చేరాలంటే ఆరు దారుల వాల్వు కావాలి. ట్యాంకుల నుంచి వచ్చేవి రెండు, ఇంజిన్‌కు వెళ్లేది ఒకటి, ఇంజిన్ నుంచి తిరిగి వచ్చేది ఒకటి, ట్యాంకులకు వెళ్లేవి రెండు. మూడు దారుల వాల్వు ఒక్కటే కనిపిస్తే అనుమానించండి.

ఇక మీ బండి. అన్నిటికంటే ముందు, ఆ రెండో మూత వెనుక ఉన్నది ఇంధన ట్యాంకో కాదో తేల్చుకోండి. క్యాంపర్ వ్యాన్లలో వాడుక నీళ్ల ట్యాంకుకూ బయట ఇలాంటి మూతే ఉంటుంది. అమ్మిన వ్యక్తి మాటను నమ్మి నీళ్ల ట్యాంకులో డీజిల్ పోస్తే, ఆ ట్యాంకు, పంపు, కుళాయిలు అన్నీ పాడైనట్టే. మూత తీసి వాసన చూడండి, సన్నని పుల్లకు తెల్ల గుడ్డ చుట్టి ముంచి చూడండి. జనరేటర్ పెట్టుకునే అర ఏదైనా ఉంటే అది పెట్రోలు ట్యాంకు కూడా కావచ్చు, అప్పుడు జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. పొగను శుభ్రం చేయడానికి వాడే, నీలం మూత ఉన్న యూరియా ద్రావణం ట్యాంకేమో అని కొందరు భయపడతారు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త పొగ ప్రమాణాల) డీజిల్ బండ్లలో చాలావాటికి అది ఉంటుంది గాని, మీ బండి 2014 నాటిది కనుక ఆ సందేహం అక్కర్లేదు.

డీజిలే అని తేలాక బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, టార్చి లైటుతో కిందికి చేరి ఒక్కో ట్యాంకుకు ఎన్ని పైపులు తగిలించి ఉన్నాయో లెక్కపెట్టండి. పోసే లావు గొట్టాన్ని వదిలేయండి. మిగిలినవి తీసుకునేది, తిరిగి వచ్చేది, గాలి గొట్టం. రెండు ట్యాంకులకూ మూడేసి ఉంటే పని బాగా చేశారనుకోవచ్చు, అయినా ప్రతి పైపు చివర దాకా చేత్తో పట్టుకుని వెళ్లండి. రెండోదానికి రెండే ఉంటే, డీజిల్ తీసుకునే పైపు ఎక్కడికి పోతోందన్నదే ముఖ్యం. ఇంజిన్ వైపు పోతే నా బండి కథే. నేరుగా మొదటి ట్యాంకులోకి పోతే, సాధారణంగా మధ్యలో ఒక చిన్న కరెంటు పంపు ఉంటుంది. అది రెండో ట్యాంకు డీజిల్‌ను మొదటిదానిలోకి తోడే ఏర్పాటు. నిజానికి పాత బండికి నాకు బాగా నచ్చేది ఇదే, ఇంజిన్‌కు సంబంధించిన పైపుల జోలికి పోనవసరం ఉండదు. పంపును ఆపడం మరచిపోతే మాత్రం మొదటి ట్యాంకు పొంగుతుంది. ఇక రెండు ట్యాంకుల అడుగుభాగాలనూ కలుపుతూ లావు రబ్బరు గొట్టం ఉంటే, రెండింటిలో మట్టం సమానంగా ఉంటుంది, స్విచ్‌తో పనే లేదు. అయితే ఆ గొట్టానికి రాయి తగిలితే రెండూ ఖాళీ అవుతాయి.

స్విచ్ సంగతి చెవితో తెలుసుకోవచ్చు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, ఇంకొకరిని కింద చెవి పెట్టమనండి. స్విచ్ మార్చినప్పుడు ఒకసారి టక్కుమని ఆగిపోతే వాల్వు. అదే పనిగా సన్నగా మోగుతుంటే పంపు.

మీటరు ముల్లు నిలిచిపోవడానికి ట్యాంకులోని ఫ్లోట్ (డీజిల్ మీద తేలుతూ మట్టం తెలిపే బుడ్డి) ఇరుక్కోవడం ఒక కారణం. నా బండిలో కారణం వేరు: ట్యాంకుకు రావలసిన ఎర్తు వైరు ఉప్పుగాలికి తుప్పు పట్టి తెగింది. ఎర్తు వైరు బాగుంటే ఈ పరీక్ష చేయించండి. పాత ముల్లు మీటరైతే ట్యాంకు మీది ఫ్లోట్ వైరును విప్పి, ఒకసారి ఛాసిస్‌కు (బండి ఇనుప చట్రానికి) తాకిస్తే ముల్లు ఒక కొస నుంచి ఇంకో కొసకు పోవాలి. పోతే మీటరు మంచిదే, లోపం ఫ్లోట్‌లో ఉంది. చిన్న నిప్పురవ్వ వచ్చే పని కాబట్టి మూతలన్నీ బిగించి, ఎక్కడా డీజిల్ కారడం లేదని చూసుకున్నాకే చేయించాలి. మన దేశంలో డీజిల్ ఫ్లాష్ పాయింట్‌కు (దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడికి) నిర్ణయించిన కనీస ప్రమాణం 35 డిగ్రీలు. విశాఖ మే నెల మధ్యాహ్నం బండి కింద అంత వేడి ఉండడం మామూలే. ఖాళీ ట్యాంకే కదా అని ఎవరైనా వెల్డింగ్ చేస్తానంటే ఒప్పుకోవద్దు, లోపలి ఆవిరి ప్రాణాలు తీస్తుంది.

ట్యాంకు పరిమాణం ఎవరినీ అడగనవసరం లేదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, గుణించి వెయ్యితో భాగించండి. 60, 40, 30 అయితే 72 లీటర్లు. అడుగున పైపుకు అందనిది, పైన గాలికి వదిలేది పోను వాడుకోగలిగేది అంతకంటే తక్కువే. ఘాట్ ఎక్కేటప్పుడు డీజిల్ వెనక్కి చేరుతుంది కనుక, తీసుకునే పైపు ట్యాంకులో ముందు వైపు ఉంటే పావు వంతు ఉన్నా ఇంజిన్‌కు అందకపోవచ్చు.

చాలాకాలం వాడని రెండో ట్యాంకులో నీళ్లు ఉండే అవకాశం ఎక్కువ. ఖాళీ భాగంలోని తేమ గాలి రాత్రిపూట చల్లబడి నీటి చుక్కలవుతుంది. నీళ్లు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగుకు చేరతాయి, ఆ రెండూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు పడుతుంది. అది ఘాట్ మీద కుదుపులకు లేచి ఫిల్టరును మూసేస్తుంది. అందుకని రెండో ట్యాంకు అడుగు బిరడా విప్పించి, వచ్చేదాన్ని గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే కింద వేరుగా కనిపిస్తాయి. కొత్త ఫిల్టరు ఒకటి వేయించి, ఇంకొకటి బండిలో పెట్టుకోండి. ట్యాంకును పట్టి ఉంచే ఇనుప పట్టీల కింద రబ్బరు ఉంటుంది, దాన్ని ఎత్తి చూడండి. నా బండికి బయట రంగు నిగనిగలాడుతున్నా, రబ్బరు కింద పట్టీ కాగితంలా పలచబడి ఉంది.

ఆర్.సి.లో ఈ బండి క్యాంపర్ వ్యాన్‌గా నమోదైందో లేదో కూడా చూసుకోండి. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వర్తిస్తుంది. నమోదు కాని మార్పు ఉంటే ప్రమాదం జరిగిన రోజు బీమా దగ్గర చిక్కు వస్తుంది.

ఇవన్నీ తేలేవరకూ స్విచ్‌ను మొదటి ట్యాంకు వైపే ఉంచి, దానిలో మాత్రమే డీజిల్ పోయించండి, అదీ మూతి దాకా కాదు. తరువాత రెండో ట్యాంకులో 10 లీటర్లు పోసి, మొదటిదానిలో సగం ఖాళీ ఉంచి, స్విచ్‌ను రెండోదాని వైపు తిప్పి, మధురవాడ నుంచి ఆనందపురం దాకా ఒకసారి వెళ్లి రండి. బయలుదేరే ముందు, వచ్చాక రెండు ట్యాంకుల్లోనూ పుల్లతో మట్టం కొలిచి రాసుకోండి. మొదటిదానిలో మట్టం పెరిగి ఉంటే రిటర్న్ దానికే వస్తోందని, లేదా పంపు తోడుతోందని అర్థం. ఒక్కో ట్యాంకుకు ఎన్ని పైపులు ఉన్నాయో, స్విచ్ తిప్పితే ఏ శబ్దం వచ్చిందో ఇక్కడ రాయండి. ట్యాంకు పైభాగం కనిపించే ఫొటో పెడితే, ఏ పైపు ఎటు పోతోందో నేను చూసి చెబుతాను.