నాన్నగారి వంశవృక్షం కొత్త ల్యాప్‌టాప్‌లో చదవలేకపోతున్నాం

ప్రశ్న: మా నాన్నగారు 2003 నుంచి పాత డెస్క్‌టాప్‌లో ‘పర్సనల్ యాన్సెస్ట్రల్ ఫైల్’ అనే సాఫ్ట్‌వేర్‌లో మా వంశవృక్షం ఎక్కించారు. మొత్తం 340 మంది. పేర్లు ఇంగ్లీషులో, మిగతా వివరాలు నోట్స్‌లో తెలుగులో రాశారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఈమధ్య విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నాం. మా అబ్బాయి పాతదాంట్లోంచి జెడ్‌కామ్ (GEDCOM) ఫైలు, అంటే వంశవృక్షాన్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మోసుకెళ్లే ఫైలు తీసి, గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాడు. పేర్లు, బంధుత్వాలు వచ్చాయి. ఫొటోలు ఒక్కటీ రాలేదు. నోట్స్ నిండా అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. ఫైలు పాడైపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. పాత కంప్యూటర్‌ను ఈ ఆదివారం పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామనుకుంటున్నాం. — ఒక పాఠకుడు, నల్లకుంట

జవాబు: ముందు ఆ ఆదివారం బేరం ఆపేయండి. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం.

మీ ఫైలు పాడవలేదు. మీ ఉత్తరంతో పంపిన నోట్స్ ఫొటో చూడగానే గుర్తుపట్టాను. చిక్కడపల్లిలో పధ్నాలుగేళ్లు డీటీపీ చేశాను, పెళ్లి కార్డులు, కర్మ పత్రికలు రోజుకు పదేసి కొట్టేదాన్ని. అది అను ఫాంట్‌లో కొట్టిన తెలుగు. ఆ రోజుల్లో మన దగ్గర అందరం అదే వాడేవాళ్లం. అందులో తెరమీద కనబడేది తెలుగే గానీ, లోపల కంప్యూటర్ దాచుకునేది మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫాంట్ వాటికి తెలుగు బొమ్మ తొడుగుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంట్ లేదు, తొడుగు ఊడిపోయింది. ఇప్పుడు ఫోన్లలో మనం వాడే యూనికోడ్ అలా కాదు. అందులో తెలుగుకు సొంతంగా 128 గళ్లు కేటాయించారు, ఏ యంత్రంలో తెరిచినా ‘క’ అంటే ‘క’యే.

మీ అబ్బాయి చేసింది సరైన పనే. నాన్నగారు వాడిన పర్సనల్ యాన్సెస్ట్రల్ ఫైల్‌ను తయారుచేసిన అమెరికాలోని మోర్మన్ చర్చివాళ్లు 2013 జులైలో దాన్ని ఆపేశారు. దాని సొంత ఫైలు కాపీ చేసుకొచ్చినా గ్రాంప్స్‌కు అర్థం కాదు. జెడ్‌కామ్‌ను కూడా 1984లో ఆ చర్చివాళ్లే మొదలుపెట్టారు. వంశవృక్షం సాఫ్ట్‌వేర్లు దాదాపు అన్నీ దాన్ని చదువుతాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, మామూలు అక్షరాలే. ప్రతి వరుస మొదట్లో 0, 1, 2 అని ఒక అంకె ఉంటుంది. సున్నాతో ఒక మనిషి మొదలవుతాడు, ఒకటితో ఆయన పేరు, రెండుతో పుట్టిన తేదీ లాంటివి వస్తాయి. ఇంటిపేరు రెండు ఏటవాలు గీతల మధ్య ఉంటుంది.

అయితే ఆ ఫైలు తీసేటప్పుడు ఏ అక్షర పద్ధతి ఎంచుకున్నారన్నదే అసలు కీలకం. పాత సాఫ్ట్‌వేర్లలో ఆన్సెల్ అని ఒకటి ఉండేది. అది యూరప్ భాషల అక్షరాల కోసం చేసింది. అను ఫాంట్ వాడుకునే గుర్తుల్లో కొన్నింటికి అందులో చోటు లేదు. అలాంటివి రాలిపోతాయి, లేదా ప్రశ్నార్థకాలవుతాయి. రాలిపోయింది వత్తో గుణింతమో అయితే ఇంక తిరిగిరాదు. కాబట్టి పాత కంప్యూటర్‌లో మళ్లీ ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేయించండి, ఈసారి యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను ఫైల్లో దాచే పద్ధతి) ఎంచుకోమనండి. అప్పుడు గుర్తులన్నీ ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. ఆ తర్వాత అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో నోట్స్ ఒక్కొక్కటీ వేసి తెలుగు చేసుకోవచ్చు.

దీని గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మా పెదనాన్న ఎక్కించిన వంశవృక్షాన్ని 2011లో నేనే కొత్త కంప్యూటర్‌లోకి మార్చాను. పేర్లు వచ్చాయి కదా అని సంతోషించి పాతదాన్ని ఇచ్చేశాం. ఏడాది తర్వాత మా నాయనమ్మ అక్కగారి తిథి కావాల్సి వచ్చి తెరిస్తే, సంవత్సరం ఉంది, మార్గశిరం ఉంది, చివర పంచమి ఉంది. మధ్య మాట మాత్రం ముక్కలైపోయింది. శుద్ధమో బహుళమో తెలియలేదు. అంటే పదిహేను రోజుల తేడా. చెప్పగలిగిన పెదనాన్న అప్పటికి లేరు. ఇప్పుడు ఆవిడకు మహాలయ అమావాస్యనాడే పెడుతున్నాం. అది నాకు ఇప్పటికీ బాధే.

అందుకని ఇంకో పని చేయండి. పాత కంప్యూటర్ తెరమీద తెలుగు సరిగ్గా కనబడుతున్నప్పుడే ప్రతి నోట్‌కూ ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. కన్వర్టర్లు వత్తుల దగ్గర తడబడతాయి. సరిచూసుకోవడానికి ఆ ఫొటోలే ఆధారం.

ఫొటోల సంగతి తేలిక. జెడ్‌కామ్‌లో ఫొటో ఉండదు, అది ఎక్కడ ఉందో చెప్పే దారి మాత్రమే ఉంటుంది. నాన్నగారి ‘మై డాక్యుమెంట్స్’ దారి కొత్త ల్యాప్‌టాప్‌లో లేదు కదా. ఫొటోల ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుని, గ్రాంప్స్‌లో టూల్స్ కింద ఉన్న మీడియా మేనేజర్‌తో పాత దారి స్థానంలో కొత్త దారి పెట్టండి, అన్నీ ఒకేసారి మారతాయి.

ఎక్కించాక రెండు విషయాలు చూడండి. ఒకటి తిథులు. తేదీ గడిలో ఇంగ్లీషు తేదీ ఉంచి, ‘శ్రీముఖ నామ సంవత్సరం’ అని మొదలయ్యే వరుసను మరణం వివరం కిందే నోట్‌గా పెట్టండి. పంచాంగం చూసి లెక్కకట్టిన ఇంగ్లీషు తేదీ ఒక్కటే ఉంచి తిథి తీసేయకండి. రెండోది ఆడవాళ్ల ఇంటిపేర్లు. చాలామంది అత్తింటి ఇంటిపేరే వేసేస్తారు, దాంతో ఆవిడ పుట్టిల్లు ఎవరిదో తెలియకుండా పోతుంది. పుట్టింటి ఇంటిపేరే అసలు గడిలో ఉండాలి. మేనరికాలున్న ఇంట్లో ఒకే మనిషి రెండుచోట్ల పడివుంటారు, వాళ్లనూ ఒకసారి చూసుకోండి.

పాత కంప్యూటర్ ఆన్ కాకుండా మొరాయిస్తే హార్డ్‌డిస్క్ ఊడదీయించి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) తీసుకెళ్లండి. ఆ కాలం డిస్కులను యూఎస్‌బీకి తగిలించే కేబుల్ అడగండి. డిస్కులోని నాన్నగారి అసలు ఫైలును రూట్స్‌మ్యాజిక్ అనే ఇంకో వంశవృక్షం సాఫ్ట్‌వేర్ నేరుగా చదవగలదు, దాన్నుంచి జెడ్‌కామ్ తీసుకోవచ్చు. అన్నీ కుదిరాక గ్రాంప్స్‌లో ఫొటోలతో సహా బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మీ అక్కచెల్లెళ్ల దగ్గర ఒకటి ఉంచండి. కంప్యూటర్ ఇచ్చేసినా హార్డ్‌డిస్క్ మాత్రం బీరువాలో దాచండి.

కన్వర్టర్‌లో వేసిన తర్వాత కూడా ఏ మాటైనా పడకపోతే, ఆ వాక్యం, తెరమీద తీసిన ఫొటో రెండూ నాకు పంపండి. అక్షరం గుర్తుపట్టి చెబుతాను.