లింకన్ సెంట్ల నుంచి హాఫ్ క్రౌన్ల దాకా: బోనస్ డబ్బులో ఎంత పెట్టొచ్చు?

ప్రశ్న: మేము ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటాం. నాకు 44 ఏళ్లు. పదేళ్లుగా అమెరికా నాణేలు, ముఖ్యంగా లింకన్ సెంట్లు, మోర్గాన్ వెండి డాలర్లు సేకరిస్తున్నాను. ఆల్బమ్‌లు దాదాపు నిండిపోయాయి. ఇప్పుడు బ్రిటిష్ నాణేల మీద మనసు పోతోంది. ఈ ఏడాది వచ్చిన 12,000 డాలర్ల బోనస్ వాటిలో పెడితే ఆరేళ్ల తర్వాత మా అమ్మాయి కాలేజీకి పనికొస్తుందని నా ఆలోచన. మా ఆవిడ వద్దంటోంది. తెనాలిలో మా నాయనమ్మ దాచిన మూడు జార్జి రాజు కాసులు, కొన్ని విక్టోరియా రాణి రూపాయలు కూడా ఉన్నాయి. వాటిని ఇక్కడికి తెచ్చుకోవచ్చా?

జవాబు: మీరు సరదానూ అమ్మాయి చదువునూ ఒకే మూటలో కట్టారు. ముందు ఆ ముడి విప్పుదాం. బ్రిటిష్ నాణేలు తప్పకుండా సేకరించండి. కాలేజీ డబ్బు మాత్రం వాటిలో పెట్టకండి. ఈ విషయంలో మీ ఆవిడ మాటే సరైనది.

ఎందుకో ఒక లెక్క వేసి చూపిస్తాను. లండన్ వేలంలో ఒక నాణేన్ని 400 పౌండ్లకు పాడుకున్నారనుకుందాం. వేలం సంస్థ తీసుకునే బయ్యర్స్ ప్రీమియం 20 శాతం అనుకుంటే 480 అయింది. ఇన్సూరెన్సుతో కలిపి పోస్టేజీ 25 పౌండ్లు. కార్డు మీద విదేశీ లావాదేవీ ఫీజు 3 శాతం పడితే మొత్తం 520. కస్టమ్స్ వాళ్లు ఏమైనా వేస్తే అది వేరే. (పాడే ముందే ‘మా గుమ్మం చేరేసరికి మొత్తం ఎంత’ అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.) మర్నాడే అదే నాణెం మళ్లీ 400కే పోయిందనుకోండి, అమ్మకం కమిషన్ 15 శాతం పోను మీ చేతికొచ్చేది 340. పెట్టిన 520 వెనక్కి రావాలంటే ఆ నాణెం 612 పౌండ్లు పలకాలి. అంటే ధర సగానికి పైగా పెరిగితేనే మీ అసలు మీకు దక్కుతుంది. ఆరేళ్లలో ఫీజు కట్టాల్సిన డబ్బును ఇంత పెద్ద గుంతలోంచి మొదలుపెట్టించడం నాకు ఇష్టం లేదు.

పన్ను సంగతీ ఉంది. బ్రిటన్‌లో ఉండేవాళ్లకు సావరిన్ల (మీ నాయనమ్మ కాసుల్లాంటి బ్రిటిష్ బంగారు నాణేల) మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదని వీడియోల్లో చూసి ఉంటారు. ఆ సౌకర్యం మీకు వర్తించదు. అమెరికాలో నాణేలు కలెక్టిబుల్స్ (సేకరణ వస్తువులు) కిందికి వస్తాయి. ఏడాది దాటాక అమ్మినా లాభం మీద పన్ను రేటు గరిష్ఠంగా 28 శాతం దాకా ఉంటుంది. ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలో పెట్టుకుందామన్నా సావరిన్ పనికిరాదు, అది 22 క్యారెట్ల బంగారం. అమెరికన్ ఈగిల్ బంగారు నాణెం కూడా 22 క్యారెట్లే కదా అంటారేమో, దానికి చట్టంలో ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చారు.

కాబట్టి నేనైతే ఇలా చేయమంటాను. ఇంట్లో ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన లేకపోతే ముందు అది. ఉంటే 12,000లో 10,800 అమ్మాయి పేరున ఒహాయో 529 ప్లాన్‌లో (కాలేజీ చదువు కోసం దాచుకునే ఖాతా) వేయండి. ఏడాదికి 4,000 డాలర్ల దాకా రాష్ట్ర ఆదాయం నుంచి మినహాయించుకోవచ్చు, మిగిలింది వచ్చే సంవత్సరాలకు జరుగుతుంది. అమ్మాయి వయసును బట్టి రిస్కు తగ్గించుకుంటూ పోయే ఆప్షన్ ఎంచుకోండి. మిగిలిన 1,200, అంటే నెలకు వంద డాలర్లు, మీ సరదాకి. తిరిగి రాకపోయినా టెన్షన్ పడని డబ్బు అది.

నెలకు వంద తక్కువ అనుకోకండి. బ్రిటిష్ నాణేల్లో వందతో దొరికే ఆనందం ఎక్కువ. 1971 ఫిబ్రవరి 15 దాకా అక్కడ 12 పెన్నీలు ఒక షిల్లింగ్, 20 షిల్లింగులు ఒక పౌండ్. పాత పెన్నీ మీ లింకన్ సెంట్‌లా చిన్నది కాదు, హాఫ్ డాలరంత ఉంటుంది. అరిగిన ఐదో జార్జి పెన్నీలు ఒకటీ రెండు డాలర్లకే దొరుకుతాయి. ఆరో జార్జి కాలంతో మొదలుపెట్టండి. ఫార్దింగ్ (పావు పెన్నీ) మీద బుల్లిపిట్ట, హాఫ్ పెన్నీ మీద ఓడ, పన్నెండు మూలల ఇత్తడి మూడు పెన్నీల బిళ్ల, షిల్లింగుల్లో ఇంగ్లీషుదొకటి, స్కాటిష్‌దొకటి. ఏడాదిలో ఒక అందమైన వరస తయారవుతుంది.

వెండి విషయంలో మీకు 1964 (అమెరికా చిల్లర నాణేల్లో 90 శాతం వెండి ఉన్న చివరి ఏడాది) ఎలా గుర్తో, బ్రిటన్‌కు రెండు సంవత్సరాలు అలా గుర్తుపెట్టుకోండి. 1919 దాకా 92.5 శాతం వెండి. 1920 నుంచి 1946 దాకా 50 శాతం. 1947 నుంచి రాగి, నికెల్ మిశ్రమమే. ఆ చివరి మార్పు వెనుక మీ అమెరికానే ఉంది. యుద్ధకాలంలో అమెరికా దగ్గర అరువు తెచ్చుకున్న వెండిని తిరిగి ఇవ్వాల్సి రావడంతో బ్రిటన్ తన నాణేల్లోంచి వెండి తీసేసింది. 14.14 గ్రాముల హాఫ్ క్రౌన్‌లో (రెండున్నర షిల్లింగుల నాణెం) 1919 దాకా 13 గ్రాముల వెండి ఉంటే, 1920 తర్వాతి దాంట్లో ఏడు గ్రాములే. రెంటినీ ఒకే ధరకు అమ్మేవాళ్లు ఉంటారు, తేదీ చూడకుండా కొనకండి.

గ్రేడింగ్‌లో ఇంకో తిరకాసు. బ్రిటిష్ డీలర్ ‘ఈఎఫ్’ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, చాలా కొద్దిగా అరిగినది) అని రాస్తే అది దాదాపు మీ ‘ఏయూ’తో (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్, దాదాపు వాడనిది) సమానం, వాళ్ల కొలత కఠినం. అమెరికాలో కూర్చుని బ్రిటిష్ నాణెం అమ్మే వ్యక్తి ‘ఈఎఫ్’ అంటే మాత్రం ఏ కొలతతో అన్నాడో అడగాలి. లేదంటే బ్రిటిష్ ధర ఇచ్చి అమెరికన్ గ్రేడు కొంటారు. వేలాల్లో కనిపించే ‘ఎస్’ నంబర్లు స్పింక్ సంస్థ కేటలాగువి. మొదటి వంద డాలర్లు ఆ కేటలాగుకీ ఒక మంచి భూతద్దానికీ పెట్టండి.

భూతద్దం ఎందుకో నా అనుభవం చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక కాయిన్ షోలో విక్టోరియా ముసుగు బొమ్మ ఉన్న క్రౌన్ (ఐదు షిల్లింగుల పెద్ద వెండి నాణెం) ఒకటి తళతళలాడుతుంటే ముచ్చటపడి కొన్నాను. ఇంటికొచ్చి దీపం కింద పక్కకు వంచి చూస్తే, రాణి చెంప మీదుగా బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ భాగం దాకా సన్నటి గీతలు ఒకే దిశలో సాగి ఉన్నాయి. ఎవరో పాలిష్ పెట్టి తోమారు. అమ్మబోతే ఇంకో డీలర్ తూకం వేసి వెండి ధర చెప్పాడు. నూట ఇరవై ఏళ్లు దాటిన చర్మాన్ని అలా గీకేయడం చూస్తే ఇప్పటికీ బాధేస్తుంది. దయచేసి మీరు ఏ నాణేన్నీ తోమకండి, చింతపండుతో అసలే వద్దు.

కొత్తగా ముద్రించి అందమైన పెట్టెల్లో అమ్మే స్మారక నాణేలకు దూరంగా ఉండమంటాను. పెట్టె తెరిచి మళ్లీ అమ్మబోతే చాలావాటికి ఇచ్చిన ధర రాదు. 2009 నాటి క్యూ గార్డెన్స్ 50 పెన్నీల నాణెం 2,10,000 మాత్రమే ముద్రించారు కాబట్టి గిరాకీ ఉంది, ఆ గిరాకీ వల్లే నకిలీలూ ఉన్నాయి. 1965 చర్చిల్ క్రౌన్ దాదాపు రెండు కోట్లు కొట్టారు, దాన్ని అరుదైనదని ఎవరన్నా చెబితే అక్కడి నుంచి వచ్చేయండి.

ఇంటి ఇన్సూరెన్సు పాలసీ కూడా ఒకసారి తీసి చూడండి. మామూలు పాలసీల్లో డబ్బు, నాణేలకు కలిపి దొంగతనం కవరేజీ చాలాచోట్ల 200 డాలర్ల దగ్గరే ఆగిపోతుంది. మీ మోర్గాన్ డాలర్లకే అది చాలదు. విడిగా రైడర్ (పాలసీకి జోడించే అదనపు కవరేజీ) తీసుకోండి. ఏ నాణెం, ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారో ఒక షీట్‌లో రాసి రసీదులు జతచేసి, అది ఎక్కడుందో మీ ఆవిడకు చెప్పండి. మీకేదైనా అయితే ఆమె ఆ డబ్బాలు పట్టుకుని ఏ షాపుకు వెళ్లాలో తెలియకుండా నిలబడకూడదు.

ఇక తెనాలి కాసులు. వందేళ్లు దాటిన నాణేలు 1972 నాటి చట్టం ప్రకారం ఇండియాలో పురావస్తువులు. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. విక్టోరియా రూపాయలన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. కాసులు ఐదో జార్జివి అయితే అవీ దాదాపుగా వచ్చినట్టే. నాయనమ్మ సొత్తే కదా అని చెక్-ఇన్ సూట్‌కేసులో వేసుకురాకండి. అక్కడే లాకర్లో ఉంచి, తెలిసినవాళ్లతో రెండు వైపులా ఫోటోలు తీయించండి. సావరిన్ బరువు 7.98 గ్రాములు, మన కాసు లెక్క 8 గ్రాములు, కాబట్టి తూకం చూస్తే అసలుదో కాదో కొంత తెలుస్తుంది. హారానికి కొక్కెం అతికించి ఉంటే బంగారం విలువ తప్ప నాణెం విలువ ఉండదు. ఏదైనా 1918 నాటిదైతే వెనకవైపు గుర్రం బొమ్మ కింద, తేదీకి కొంచెం పైన ‘ఐ’ అక్షరం ఉందేమో చూడమనండి. ఉంటే అది బొంబాయిలో కొట్టిన సావరిన్. ఆ టంకశాలలో సావరిన్లు కొట్టింది ఆ ఒక్క ఏడాది తేదీతోనే.

మీ అమ్మాయితో కలిసి కొనాల్సిన మొదటి జత చెప్పి ముగిస్తాను. ఒక 1948 హాఫ్ క్రౌన్, ఒక 1949 హాఫ్ క్రౌన్. రెంటిలో వెండి లేదు, మామూలు స్థితిలో రెండూ కలిపి పది డాలర్లు దాటవు. భూతద్దం అమ్మాయి చేతికిచ్చి అంచు చుట్టూ ఉన్న అక్షరాలు చదవమనండి. 1948 దాని మీద ‘ఇండ్ ఇంప్’ అని ఉంటుంది, లాటిన్‌లో భారత చక్రవర్తి అని. 1949 దాని మీద ఆ అక్షరాలు ఉండవు. ఎందుకు పోయాయో తననే చెప్పమనండి.